మామయ్య కూర్చుంటే కారు అరుగుతుందా?

చి. హర్షకు, చి. నిత్యకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఫోన్లో మీరడిగినదానికి అప్పుడే ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణే గానీ, అది కాగితం మీద లెక్క వేసి చూపించాల్సిన ప్రశ్న. లావుగా ఉన్నవాళ్ళు నడిపితే కారు తొందరగా అరిగిపోతుందా అన్నారు. ఎవరి గురించి అడిగారో నాకు తెలుసు. పెద్ద మామయ్య కారెక్కితే కుడివైపు ఒరిగిపోయిందని పెళ్ళిలో అందరూ ఒకటే నవ్వులట.

వాడు నా కొడుకని వెనకేసుకొస్తున్నాననుకోకండి. ముందే ఒప్పుకుంటున్నా, అరుగుతుంది. ఎక్కడ అరుగుతుంది, ఎంత అరుగుతుంది అన్నదాని మీదే అసలు సంగతంతా ఉంది.

మామయ్య కారు ఖాళీగా 850 కిలోలు. మామయ్య 110. మీ నాన్నగారు 60. అంటే స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి మొత్తం 960 గానీ 910 గానీ అవుతుంది. తేడా 50 కిలోలు, నూటికి అయిదున్నర. ఆ కారుని అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను మోసేలా తయారుచేశారు. స్ప్రింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ ఆ నిండు బరువుకే లెక్కగట్టి వేస్తారు. మామయ్య ఒక్కడే వెళ్తున్న కారు, మనం అయిదుగురం తిరుపతి వెళ్ళినప్పటి కారు కంటే ఎంతో తేలిక. నమ్మకపోతే టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చదవండి. 165/70 ఆర్14 అని ఉండి, పక్కనే 81 అని ఉంటుంది. ఆ 81 అనేది కిలోలు కాదు, ఒక గుర్తు. పట్టికలో చూస్తే ఆ టైరు 462 కిలోలు మోయగలదని అర్థం. నాలుగింటికీ 1848 కిలోలు. మామయ్యతో కలిపి కారు అందులో సగానికి కాస్త పైన ఉంది, అంతే.

మామయ్య ఆ కారులోనే 20 లీటర్ల మంచినీళ్ళ టిన్నులు రెండు వేసుకుని ఇంటికొస్తాడు. 40 కిలోలు. దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

ఇక ఒరిగిన సంగతి. డ్రైవరు సీటు కారు మధ్యలో ఉండదు, కుడి పక్కకి ఉంటుంది. కాబట్టి కూర్చున్న మనిషి బరువులో సుమారు ముప్పాతిక వంతు కుడి చక్రాల మీద, పాతిక వంతు ఎడమ చక్రాల మీద పడుతుంది. ముందూ వెనకా అయితే దాదాపు సమానం. మీరే కొలవచ్చు. చదునైన చోట కారు ఆపి, కుడివైపు ముందు చక్రం మధ్య నుంచి పైనున్న రేకు అంచు దాకా టేపు పట్టండి. మామయ్యని ఎక్కించి, బానెట్ మూల ఒకసారి గట్టిగా నొక్కి వదిలి, మళ్ళీ కొలవండి. చిన్న కారుకి ఒకటి రెండు సెంటీమీటర్లు దిగుతుంది. దిగితే వంగిపోయిందని కాదు, స్ప్రింగు ఉన్నదే దిగడానికి. వాడు దిగాక మూడోసారి కొలవండి. మొదటి కొలత మళ్ళీ వచ్చిందంటే ఏ దిగులూ లేదు. రాకపోతే అప్పుడు మెకానిక్‌కి చూపించండి.

మరి కుడివైపే ఎక్కువ బరువు మోస్తోంది కదా, అటువైపు సామాన్లే ముందు పోవాలిగా అని నిత్య అడుగుతుంది, నాకు తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లో కార్లు బాగుచేసే షెడ్డు నడిపినన్నాళ్ళూ నేను మార్చిన లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు (ముందు చక్రాన్ని బండికి కలిపి పట్టి ఉంచే కీళ్ళలాంటివి) ఎక్కువ ఎడమవైపువే. మన పల్లెటూళ్ళకి వెళ్ళేవి సింగిల్ రోడ్లు. ఎదురుగా లారీ వస్తే దారిచ్చేది మనమే, ఎడమ చక్రాలు మట్టిలోకి దించాలి, లారీ పోయాక తారు అంచు మీదికి మళ్ళీ ఎక్కించాలి. కొన్నిచోట్ల ఆ అంచు జానెడు ఎత్తుంటుంది. పైగా రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటుంది కాబట్టి వాననీళ్ళు మన ఎడమ పక్కకే చేరి గుంతలు అక్కడే పడతాయి. బరువు కుడిపక్క, రిపేరు ఎడమపక్క. దెబ్బ ముందు బరువు ఏపాటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

మనిషి బరువు నిజంగా పనిచేసేది ఒళ్ళు తగిలేచోట. సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి ఎవరైనా నన్ను తీసుకెళ్తే నేను ముందు బానెట్ ఎత్తను. డ్రైవరు తలుపు తీసి సీటు కుడి అంచు చూస్తాను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒళ్ళు రాసుకునేది ఆ అంచుకే. లోపలి స్పాంజి చితికి, వేలితో నొక్కితే ఇనప కమ్మీ తగులుతుంది. పైన కవరు ఆ గీత వెంబడే చిరుగుతుంది. బరువైన మనిషికి ఇది తొందరగా వస్తుంది, అందులో అనుమానం లేదు. తర్వాత తలుపు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఒళ్ళు బరువైనవాళ్ళు తలుపు పట్టుకుని దాని మీద భారం వేసి లేస్తారు. కొన్నేళ్ళకి కీలు అరిగి తలుపు వెనక కొస కాస్త దిగుతుంది, పైకెత్తి వేస్తే గానీ పడదు. చివరగా పెడల్ రబ్బర్లు. మీటర్లో 30 వేల కిలోమీటర్లే ఉండి, క్లచ్ పెడల్ మీది గీతలు నున్నగా అరిగిపోయి ఉన్నాయనుకోండి, మీటరు అబద్ధం చెప్తోందన్నమాట. మీటరు వెనక్కి తిప్పేవాళ్ళకి పెడల్ రబ్బరు మార్చాలని తోచదు, అదేమిటో!

సీటు బాగుచేయించడం పెద్ద పనేం కాదు. కుషన్ షాపువాడు కొత్త స్పాంజి ముక్క వేసి కుట్టేస్తాడు.

బ్రేకుల దగ్గరికొస్తే హర్షకి బడిలో చెప్పే ఉంటారు. బరువు రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి రెట్టింపు. వేగం రెట్టింపైతే నాలుగింతలు. ఇప్పుడు మన లెక్క చూడండి. మామయ్య ఒంటి మీది అదనపు 50 కిలోల వల్ల బ్రేకుకి పెరిగే పని నూటికి అయిదున్నర. అదే గంటకి 60 కిలోమీటర్లకి బదులు 62లో వెళ్తే? 60ని 60తో గుణిస్తే 3600. 62ని 62తో గుణిస్తే 3844. నూటికి ఏడుకి కాస్త తక్కువ. అంటే 50 కిలోల మనిషిని అదనంగా మోయడం కంటే ముల్లు రెండు అంకెలు ముందుకి జరగడమే ఎక్కువ. 80లో వెళ్ళి ఆపితే నూటికి 78 ఎక్కువ. మీ నాన్నగారు 60 కిలోలే, అయినా ఆయన కారుకే బ్రేక్ ప్యాడ్లు ముందు మార్చాల్సి వస్తోంది. ఈ వాక్యం ఆయనకి చదివి వినిపించనక్కర్లేదు.

క్లచ్ ప్లేటూ అంతే. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో బండి గేర్లో ఉంచి, హాఫ్ క్లచ్ మీద ఇంచీ ఇంచీ జరిపేవాళ్ళు ఎంత బక్కపలచగా ఉన్నా ప్లేటు కాల్చేస్తారు.

ఒక్కచోట మాత్రం బరువు గట్టిగానే లెక్కకొస్తుంది. చక్రం తేలిగ్గా తిరగడానికి దాని మధ్యలో ఉండే బాల్ బేరింగుల్లో బరువు రెట్టింపైతే ఆయుష్షు సగానికి కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మామయ్య వల్ల కుడి ముందు చక్రం మీద నూటికి ఏడు వంతులు పెరిగిందనుకుంటే, ఆ బేరింగు ఆయుష్షు కాగితం మీద నూటికి 18 దాకా తగ్గుతుంది. తక్కువేం కాదు. అయితే మన రోడ్ల మీద బేరింగు అలా నిండా బతికి పోవడం అరుదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్ళలో నిలిచిన కార్లు నా శిష్యుడి షెడ్డుకి వచ్చాయి. సీలు దాటి బురదనీళ్ళు లోపలికి పోయి, గ్రీజు పాలలా తెల్లగా విరిగిపోయింది. చక్రం తిప్పితే గరగర. వాటిని నడిపినవాళ్ళు సన్నమో లావో ఎవరూ అడగలేదు.

పెట్రోలు సంగతి అడగలేదు గానీ చెప్పేస్తాను. 45 కిలోలు అదనంగా మోస్తే మైలేజీ నూటికి ఒకటి దాకా తగ్గొచ్చని అమెరికా ప్రభుత్వం అక్కడి వాళ్ళకి చెప్పే లెక్క. మన చిన్న కార్లకి ఇంకాస్త వేసుకోండి. టైర్లలో గాలి బాగా తక్కువైతే అంతకంటే ఎక్కువ కూడా పోవచ్చు, టైరు రెండంచులూ అరిగిపోతాయి కూడా. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కరుంటుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఎంత గాలి, నిండుగా ఉంటే ఎంత గాలి అని అందులో రెండు అంకెలుంటాయి. గాలి కొట్టించేటప్పుడు దాన్ని చూసేవాళ్ళని నేను చాలా తక్కువ మందిని చూశాను.

మీరు నిజంగా బరువు లెక్క చూడాల్సింది కారుకి కాదు, బైకుకి. 100 సీసీ బైకు 110 కిలోల చిల్లర ఉంటుంది. మామయ్య ఎక్కితే బండికి బండంత బరువు! మీ నాన్నగారు ఎక్కినప్పటికీ మామయ్య ఎక్కినప్పటికీ మొత్తంలో నూటికి 29 తేడా, అదీ ఎక్కువ భాగం వెనక చక్రం మీద. వెనక టైరు, షాకబ్జర్లు, చైను అన్నిటి మీదా అది పడుతుంది. అందుకే చాలా బైకులకి వెనక షాకబ్జరు స్ప్రింగు దగ్గర మెట్లు మెట్లుగా కోసిన ఒక రింగుంటుంది. బరువైన మనిషి నడిపితే, లేదా వెనక ఇంకొకరు కూర్చుంటే, ఆ రింగుని తిప్పి స్ప్రింగుని బిగువు చెయ్యాలి. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి సుమా, లేకపోతే బండి నిలకడ తప్పుతుంది.

మామయ్య పాత బైకుకి ఆ రింగులు అట్టడుగు మెట్టు మీదే తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. దసరాకి మీరొచ్చేసరికి కిరసనాయిలు పోసి నానబెట్టి ఉంచుతాను. వంకర స్పానరు మీ ఇంట్లో టూల్ కిట్‌లో ఉంది, మర్చిపోకుండా తీసుకురండి.

ఇట్లు,
మీ తాతయ్య