"లైట్లు ఆటో అండీ" అనే ముందు: హెడ్‌లైట్లపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని జయపురంలో కార్ల వైరింగ్ పని చేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సాలూరు, బొబ్బిలి వైపు రాకపోకలున్న తెలుగువాళ్లే ఎక్కువ. కొత్త కారు కొన్నవాళ్లు ఈ మధ్య తరచుగా అంటున్న మాట: "లైట్లు ఆటో అండీ, ముట్టుకోనక్కర్లేదు." రాత్రిపూట సాలూరు దారిలోని సుంకి ఘాట్ దిగేవాళ్లు ఈ మాట అంటే నాకు టెన్షన్.

అపోహ: ఆటో అంటే ఏ కారులోనైనా ఒకటే.

కాదు. చాలా కార్లలో ఉన్నది చిన్న సెన్సర్. వెలుతురు తగ్గితే లైట్లు వేస్తుంది, అంతే. రెండో రకం ఆటో హై బీమ్. ముందు అద్దం పైభాగంలో ఉన్న కెమెరా ఎదుటి బండి హెడ్‌లైట్లనో, ముందు బండి టెయిల్ లైట్లనో చూసి హై బీమ్‌ను (దూరం కొట్టే వెలుగు) లో బీమ్‌కి (కిందికి దించిన వెలుగు) మారుస్తుంది. హోండా ఎలివేట్ లాంటి కార్లతో మన ఊళ్లకీ వచ్చేసింది. అసలైన అడాప్టివ్, అంటే ఎదుటి బండిని బట్టి వెలుగు మార్చుకునేది, మూడోది: మ్యాట్రిక్స్. 2013లో ఆడి ఏ8తో మొదలైంది. ఇందులో హై బీమ్ వెలుగుతూనే ఉంటుంది, ఎదుటివాడి మీద పడే ఎల్ఈడీలు మాత్రం ఆరిపోతాయి. మీరు కొన్నది వీటిలో ఏదో మాన్యువల్‌లో చూసుకోండి, షోరూంలో చెప్పే మాట చాలదు.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి ఎప్పుడూ లైటు వెలుగుతుంది చూడండి, దాన్నీ ఆటో అంటారు కానీ అది వేరే సంగతి. అందులో సెన్సరూ లేదు, కెమెరా లేదు.

అపోహ: కెమెరా ఉంది కాబట్టి డిప్పర్ కొట్టే పని లేదు.

ఘాట్‌లో ఇదే ప్రమాదం. మలుపు అవతల లారీ వస్తుంటే ముందు కొండ రాయి మీద వెలుగు పాకుతుంది. అది చూసి మనం ముందే డిప్ చేస్తాం. కెమెరాకి ఆ వెలుగు చాలదు, లైటు దానికి నేరుగా కనబడాలి. కనబడేసరికి మన హై బీమ్ లారీ డ్రైవర్ కళ్లలో పడిపోయి ఉంటుంది, అదీ అవతల లోయ ఉన్న చోట. పైగా ఒక వేగం దాటితేనే ఆటో హై బీమ్ పనిచేసే కార్లు ఎక్కువ. హెయిర్‌పిన్ మలుపులో అంత వేగం ఎక్కడిది? అందుకే మలుపుకి ముందు అప్పర్-డిప్పర్ కొట్టడం మన చేతి పనే.

లైటు లేని సైకిలుని చూసి చాలా కెమెరాలు డిప్ చేయవు. ఒక్కోసారి మెరిసే సైన్‌బోర్డుని బండి అనుకుని ఊరికే డిప్ చేస్తాయి.

అపోహ: స్టీరింగ్‌తో పాటు తిరిగే లైట్లు కొత్త సంగతి.

1967లోనే సిట్రోయెన్ డీఎస్‌కి ఉన్నాయి. ఇప్పటివి చాలావరకు సుమారు 15 డిగ్రీలే తిరుగుతాయి. హెయిర్‌పిన్‌కి అది ఏ మూలకి?

అపోహ: పొగమంచులో ఆటోనే చూసుకుంటుంది.

చలికాలం పొద్దున్న సెమిలిగూడ, పొట్టంగి దారిలో పొగమంచు తెల్లగా ఉంటుంది. సెన్సర్ దాన్ని పగలే అనుకుని లైట్లు వేయదు. అవతలివాళ్లకి మీ కారు కనబడదు. లో బీమ్, ఫాగ్ ల్యాంపులు చేత్తో వేసుకోండి. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచు మీద పడి మన కళ్లకే తిరిగొస్తుంది.

అపోహ: పాతరకం హాలోజెన్ బల్బు హోల్డర్‌లో ఎల్ఈడీ బల్బు వేయిస్తే సరిపోతుంది.

అదే రిఫ్లెక్టర్‌లో మరో బల్బు పెడితే ఫోకస్ చెదురుతుంది. మనకి వెలుగు ఎక్కువైనట్టే ఉంటుంది, ఎదుటివాడికి మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. ఈ పని నేను చేయను. గిరాకీ పోయినా సరే.

కెమెరా ఉన్న కారుకి ముందు అద్దం మారిస్తే కాలిబ్రేషన్ (కెమెరా గురి సరిచేయడం) చేయించాల్సి రావచ్చు. మార్చేచోట అడగండి, చాలామంది చెప్పరు. దమన్‌జోడి వైపు తిరిగే బండికి ఎర్రదుమ్ము పడుతుంది. కెమెరా ముందు అద్దం, హెడ్‌లైట్ల గాజు మెత్తటి తడిగుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.