చిమ్మిలి పెట్టిన చేతులే

మొన్న మాఘమాసంలో నెల్లూరులో మా చుట్టాల పెళ్ళి. భోజనాల బంతిలో నా పక్కన మా అక్క కూతురు కూర్చుంది. దానికి 15 ఏళ్ళు. మలై కాజా వెయ్యబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. నెయ్యి కూడా వద్దంది. అన్నం ఒక పక్కకు తోసేసి, సాంబారులో ములక్కాడ ముక్క ఒక్కటే నములుతూ కూర్చుంది.

అంతకు ముందు అరగంటలో దాని చెవిన పడిన మాటలు నా చెవినా పడ్డాయి. "ఏందిమే, ఇట్టా లావైపోయావు?" "హాస్టల్లో బాగా మేపుతున్నారే!" అన్నవాళ్ళంతా ఆ పిల్లంటే ప్రాణం పెట్టేవాళ్ళే. రెండేళ్ళ కిందట అది పెద్దమనిషైనప్పుడు నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ముద్దలు చేసి, "తినవే, నడుముకు బలం" అని నోట్లో పెట్టిందీ వాళ్ళే.

ఆ చిమ్మిలి పెట్టడంలో అర్థముంది. ఆ వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పెరిగి, ఆడపిల్లలకు తొడల దగ్గర, పిరుదుల దగ్గర కొవ్వు చేరుతుంది. అది జబ్బు కాదు, ఎదుగుదల. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ మెదడుకు "నిల్వ ఉంది" అని కబురు పంపుతుంది. 1994లో దీన్ని కనుక్కున్నారు. తిండి బాగా తగ్గించి ఒంట్లో కొవ్వు మరీ కరిగిపోతే ఆ కబురు సన్నగిల్లి, నెలసరి ఆగిపోవచ్చు. ఎత్తు వేగంగా పెరిగే ఏడాదిలో అమ్మాయిలు సుమారు 8 సెంటీమీటర్లు సాగుతారు. బరువూ ఎత్తూ ఒకే రోజున లెక్క ప్రకారం రావు. అందుకే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే బీఎంఐ లెక్కలో పెద్దవాళ్ళ హద్దులు పిల్లలకు వాడరు, వయసును బట్టి వేరే పట్టికలుంటాయి.

మనవాళ్ళు అనుకునేదేమంటే, నాలుగు మాటలంటే పిల్ల తగ్గుతుందని. తగ్గదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1998లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పిల్లల్ని గమనిస్తూ వచ్చారు. బరువు గురించి ఇంట్లోవాళ్ళతో, తోటివాళ్ళతో ఎగతాళి పడ్డ ఆడపిల్లలు 15 ఏళ్ళ తర్వాత, పడనివాళ్ళ కంటే ఎక్కువ బరువున్నారు.

ఎందుకలా? మాట పడ్డ పిల్ల పొద్దున టిఫిన్ మానేస్తుంది. సాయంత్రానికి ఆకలి ఆగదు. ఎవరూ చూడకుండా రెండు ప్యాకెట్లు ఖాళీ చేస్తుంది. తర్వాత తన మీద తనకే అసహ్యం. మర్నాడు మళ్ళీ పస్తు.

ఆకలి మనసును ఎంత మారుస్తుందో అదే మిన్నెసోటాలో 1944-45లో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చూశాడు. ఒంటికీ మనసుకీ ఏ లోపమూ లేని 36 మంది యువకులు తామే ముందుకొచ్చారు. ఆరు నెలలు వాళ్ళకు తిండి సగానికి తగ్గించారు. బరువు నాలుగో వంతు పోయింది. చీటికిమాటికి చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. ఎప్పుడూ తిండి ధ్యాసే, కొందరైతే వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్ళు. మళ్ళీ కడుపునిండా పెట్టినప్పుడు కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళ సంగతే ఇదైతే, పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్ల మాటేమిటి?

మగపిల్లల బాధ మనకు కనిపించను కూడా కనిపించదు. "బక్కోడా" అనిపించుకున్నవాడు జిమ్ముకు పోయి, ఎవరినీ అడక్కుండా పౌడర్లు కలుపుకుని తాగుతుంటాడు.

నిజంగా షుగర్, బీపీ భయముంటే డాక్టరుకు చూపించాలి. తిండి మార్చాల్సి వస్తే ఇంటిల్లిపాదికీ మార్చాలి, ఒక్క పిల్ల కంచంలో కాదు. నలుగురితో కూర్చుని తినకపోయినా, తిన్నాక బాత్రూములో తలుపేసుకుంటున్నా, నెలసరి ఆగినా, చచ్చిపోవాలనుందన్నా ఆలస్యం చెయ్యకండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా, డబ్బులేమీ కట్టకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పెళ్ళి నుంచి వచ్చాక మా అమ్మతో ఇదంతా చెప్పాను. "మా కాలంలో అందరూ అన్నారు, మేం పడలేదా?" అంది. కాసేపాగి, పదమూడో ఏట తననేమని పిలిచేవాళ్ళో చెప్పింది. అరవై ఏళ్ళ కిందటి మాట, ఇంకా మరిచిపోలేదు.

వేసవి సెలవులకు మనవరాలు వచ్చింది. గడపలో దాన్ని చూసి అమ్మ ఏదో అనబోయి ఆగింది. మధ్యాహ్నం చేపల పులుసు వడ్డిస్తూ, "మామిడికాయ ముక్క వెయ్యనా?" అని అడిగింది.

"రెండెయ్యి అమ్మమ్మా" అంది.