గాల్ మిడ్జ్‌లు: బుడిపెను చూసి పేరు పెట్టేయకండి

ఆకు మీద బుడిపె ఫొటో తీసి, "ఇది ఏ గాల్ మిడ్జ్ అండీ?" అని అడుగుతుంటారు. గాల్ అంటే మొక్క మీద వచ్చే బుడిపె, మిడ్జ్ అంటే చిన్న ఈగ. వెంటనే పేరు చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ ఫొటో చూసి చెప్పిన పేరు తప్పైతే, అది ఏళ్ల తరబడి చేతులు మారుతూనే ఉంటుంది.

అపోహ: బుడిపె కనిపిస్తే గాల్ మిడ్జ్ పనే.
వాస్తవం: నల్లులు (మైట్లు), తామర పురుగులు (త్రిప్స్), కొన్ని కందిరీగలు, శిలీంధ్రాలు కూడా మొక్కల మీద బుడిపెలు పుట్టిస్తాయి. కోసి చూడాల్సిందే.

అపోహ: గాల్ మిడ్జ్‌లన్నీ బుడిపెలు చేస్తాయి.
వాస్తవం: ఈ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గాల్ మిడ్జ్‌ల కుటుంబమైన సెసిడోమైయిడేలో ఇప్పుడు ఆరు ఉపకుటుంబాలను గుర్తిస్తున్నారు. మొక్కల మీద బుడిపెలు చేసేవి సెసిడోమైయినే అనే ఒక్కదాంట్లోనే ఉన్నాయి. మిగతా వాటిలో మనకు తెలిసిన లార్వాలు దాదాపు అన్నీ శిలీంధ్రాల మీద బతికేవే. ఆ ఒక్క ఉపకుటుంబంలోనూ ఎఫిడోలెటిస్ పేనుబంకను తింటుంది, ఫెల్టియెల్లా ఎర్రనల్లిని తింటుంది. వీటిని చీడపురుగుల జాబితాలో చేరిస్తే మేలు చేసేవాటినే చంపుకున్నట్టు.

అపోహ: బుడిపెలోంచి బయటికొచ్చిందే దాన్ని చేసిన పురుగు.
వాస్తవం: మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. బుడిపెలను డబ్బాలో పెట్టి రోజూ చూసేదాన్ని. ఒక ఉదయం మూతకి అంటుకుని నల్లగా మెరిసే చిన్న కందిరీగలు కనిపించాయి, మిడ్జ్ ఒక్కటీ లేదు. అవి ప్లాటీగాస్టర్ అనే బదనికలు, లోపలి లార్వాను తిని పెరిగినవి. అప్పటి నుంచి సగం బుడిపెలను పెంపకానికి ఉంచి, సగం కోసి లార్వాలను తీస్తున్నాను. ముదిరిన లార్వాను స్లైడ్ మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టాలి. తల వెనక, ఛాతీ మీద గోధుమరంగు గరిటె లాంటి భాగం కనిపిస్తుంది. చాలా జాతుల్లో ఉండే ఈ గరిటె ఆకారమే ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) పట్టిచ్చే మంచి గుర్తు. జాతి తేలాలంటే మాత్రం మగ ఈగ కావాలి: దాని జననాంగాలు, మీసాల మీది ఉంగరాల్లాంటి సన్నని పోగులు.

అపోహ: ఒకే పంట, ఒకే లక్షణం ఉంటే ఒకే జాతి.
వాస్తవం: వరిలో ఉల్లికోడు అనే గాల్ మిడ్జ్‌నే చూడండి. పిలక ఉల్లికాడలా గొట్టమైపోతుంది. ఆసియాలోని ఈ పురుగుకు 1889లో పేరు పెట్టారు. ఆఫ్రికాలోనూ అచ్చం అదే లక్షణం కనిపించడంతో చాలాకాలం అదే జాతి అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే అనే శాస్త్రవేత్తలు ఆఫ్రికా పురుగును ఓర్సియోలియా ఒరైజివోరా అనే వేరే జాతిగా వివరించారు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కాంటారినియా మాక్యులిపెన్నిస్: ఒకే జాతి మల్లె, మందారం, ఆర్కిడ్ మొగ్గలన్నింటినీ పాడు చేస్తుంది.

అపోహ: డీఎన్‌ఏ వచ్చాక మైక్రోస్కోప్ అక్కర్లేదు.
వాస్తవం: ప్రపంచం మొత్తం మీద పేరున్న గాల్ మిడ్జ్‌లు 6,600 పైచిలుకు. డీఎన్‌ఏ బార్‌కోడ్‌ల (జాతులను వేరుచేసి చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కల) ఆధారంగా 2016లో వేసిన ఒక అంచనా ప్రకారం ఒక్క కెనడాలోనే దాదాపు 16,000 జాతులు ఉండొచ్చు. "ఇది వేరే జాతి" అని డీఎన్‌ఏ చెబుతుంది. దాని పేరేంటో, అసలు పేరుందో లేదో తేలాలంటే పాత నమూనాల స్లైడ్‌లతో పోల్చాల్సిందే.

కాబట్టి ఫొటోతో పాటు కోసిన బుడిపె, ఆల్కహాల్‌లో వేసిన లార్వాలు, వీలైతే పెంచిన మగ ఈగలు పంపండి. మొక్క పేరు, తేదీ సీసాలోపలే పెన్సిల్‌తో రాసిన చీటీ మీద ఉండాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.