2.303 ఎవరి సొత్తు?

బైపీసీ చదువుతున్న అమ్మాయి తండ్రి ఒకరు అడిగారు: "లెక్కలు పడవనే కదా మా అమ్మాయి బైపీసీలో చేరింది. తీరా చూస్తే కెమిస్ట్రీ నిండా లాగరిథమ్‌లే. ఇంతకీ ఈ 2.303 ఏమిటండీ?"

నాకు ఎంతో ఇష్టమైన సంఖ్య అది! ప్రథమ క్రమాంక చర్యల సూత్రంలో ఉంటుంది, ఉష్ణోగ్రతతో చర్య వేగం ఎలా మారుతుందో చెప్పే అరీనియస్ సమీకరణంలో ఉంటుంది, విద్యుత్ ఘటం వోల్టేజీ చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణంలోని 0.059లో దాక్కుని ఉంటుంది. పిల్లలు దాన్ని బీజాక్షరంలా జపిస్తారు. నా చదువప్పుడు కారణం అడిగితే "అది అంతే, రాసుకో" అన్నారు. నిజానికి అది రసాయన శాస్త్రానిది కానే కాదు.

తెలంగాణలో పొలాన్ని గుంటల్లో చెబుతారు, ఆంధ్రలో సెంట్లలో. ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. గుంటలను సెంట్లు చేయాలంటే 2.5తో హెచ్చవేయాలి. ఆ 2.5 నల్లరేగడికీ ఒకటే, చవుడు నేలకూ ఒకటే. అది మట్టి గుణం కాదు, రెండు కొలతల మధ్య మారకం.

2.303 కూడా మారకమే. ప్రథమ క్రమాంక చర్యలో పదార్థం ఎంత మిగిలి ఉంటే దానికి తగ్గ వేగంతోనే తరుగుతుంది. అలా తరిగేవాటికి కుదిరే కొలత 2.718... ఆధారంగా ఉన్న సహజ సంవర్గమానం (సంవర్గమానమంటే లాగరిథమే). మన లాగ్ టేబుల్ ఆధారమేమో 10. 2.718ని 2.303 ఘాతానికి హెచ్చిస్తే సుమారు 10 వస్తుంది. చర్య సెంట్లలో నడుస్తుంది, టేబుల్ గుంటల్లో చెబుతుంది. సహజ సంవర్గమానాల పట్టికే చేతిలో ఉంటే సూత్రంలో 2.303 అవసరమే ఉండదు.

అర్ధాయువు, అంటే పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాని సూత్రంలోని 0.693 కూడా వేరే సంఖ్య కాదు. 2కి లాగ్ 0.3010. దాన్ని 2.303తో హెచ్చవేయండి, 0.693 వస్తుంది.

ఇక పరీక్షల్లో ఏళ్ల తరబడి తిరిగే లెక్క: ప్రథమ క్రమాంక చర్య 99.9 శాతం పూర్తి కావడానికి పట్టే కాలం అర్ధాయువుకు సుమారు పది రెట్లని చూపండి. మిగిలేది వెయ్యింట ఒకటి, 1000కి లాగ్ 3. సూత్రంతో చేస్తే 2.303ను 3తో హెచ్చవేయగా వచ్చే 6.909ని 0.693తో భాగించాలి, 9.97 వస్తుంది. టేబుల్ లేకుండానూ చేయవచ్చు. సగంలో సగం చొప్పున పదిసార్లు తగ్గిస్తే మిగిలేది 1024లో ఒక వంతు, అంటే వెయ్యింట ఒకటికి కాస్త తక్కువ.

నేను కెమిస్ట్రీ చెబుతుంటే పక్క గదిలో బోటనీ అధ్యాపకులు పీసీఆర్, అంటే డీఎన్ఏకు నకళ్లు తీసే పద్ధతి, చెబుతుంటారు. ఒక్కో చక్రానికి డీఎన్ఏ రెట్టింపవుతుంది. పది చక్రాలకు 1024 నకళ్లు, ముప్ఫైకి 107 కోట్ల పైచిలుకు. ఒక గదిలో సగాలు, ఇంకో గదిలో రెట్టింపులు. రెండూ ఒకే లెక్కని చెప్పేవారే ఉండరు.

ఆ తండ్రికి జవాబు రాస్తూ అమ్మాయికి ఒక ప్రశ్న జతచేశాను: 30 అర్ధాయువులు గడిచాక పదార్థంలో ఎన్నో వంతు మిగులుతుంది? జవాబు కోసం బోటనీ పుస్తకం చూడమన్నాను.