కొత్త టీవీ, పాత హోమ్ థియేటర్: అపోహలు - వాస్తవాలు

కొత్త టీవీ గోడకెక్కిన మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. "బొమ్మ అద్దంలా ఉందండీ, సౌండ్ మాత్రం టీవీలోంచే వస్తోంది, ఆ పెద్ద స్పీకర్లు ఉలకవు పలకవు" అని ఒకరు. "అట్టపెట్టె మీద అట్మాస్ అని రాసుంది, ఇక్కడేమో మామూలు సౌండే" అని ఇంకొకరు. అట్మాస్ అంటే తల మీదనుంచి కూడా వినిపించేలా చేసే డాల్బీ సౌండ్ పద్ధతి. ఇళ్లలో టీవీలు, రిసీవర్లు (సౌండ్‌ని విప్పి స్పీకర్లని ఆడించే పెట్టెలు), సౌండ్‌బార్లు బిగించడం నా పని. ఇలాంటి ఫిర్యాదుల్లో వస్తువు నిజంగా పాడై ఉండటం అరుదు. సౌండ్ ఎక్కడ పుడుతోంది, ఏ దారిన స్పీకర్ దాకా వెళ్లాలి అన్నది చూసుకోకుండానే వైర్లు గుచ్చేస్తారు. సినిమా టీవీ లోపలి యాప్‌లో ఆడుతుంటే సౌండ్ టీవీలో పుట్టి బయటికి రావాలి. డిస్క్ ప్లేయర్‌లోనో గేమ్ బాక్స్‌లోనో ఆడుతుంటే అక్కడ పుట్టి రిసీవర్‌కి చేరాలి. ఈ రెండు దార్లూ వేరు. కింది అపోహల్లో సగం ఆ తేడా పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఒకటే, ఎందులో పెట్టినా పనిచేస్తుంది

వాస్తవం: చూడటానికి మాత్రమే ఒకటి. టీవీ వెనక మూడో నాలుగో పోర్టులుంటే, సౌండ్‌ని బయటికి పంపగలిగేది వాటిలో ఒక్కటే. దాని పక్కన ఆర్క్ అనో ఈ-ఆర్క్ అనో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆడియో రిటర్న్ ఛానల్ అన్నమాట. మిగతా పోర్టులు బొమ్మనీ సౌండ్‌నీ లోపలికి తీసుకుంటాయి, స్పీకర్లకి ఏమీ ఇవ్వవు.

రిసీవర్ వైపు తికమక ఇంకా ఎక్కువ. టీవీ సౌండ్ రిసీవర్ లోపలికి రావాలి కదా అని చాలామంది వైరు తెచ్చి ఇన్‌పుట్ వరుసలో పెడతారు. ఆలోచన సబబుగానే ఉంది, ఫలితం మాత్రం నిశ్శబ్దం. పెట్టాల్సింది 'హెచ్‌డీఎంఐ అవుట్' అని రాసి ఉన్న చోట, అక్కడ కూడా ఆర్క్ గుర్తు ఉండాలి. బొమ్మ రిసీవర్ నుంచి టీవీకి వెళ్తుంటే, టీవీ సౌండ్ అదే వైర్లో ఎదురు దిక్కుగా తిరిగి వస్తుంది. రెండు అవుట్‌లున్న రిసీవర్లలో ఆర్క్ సాధారణంగా ఒకదానికే ఉంటుంది, ఆ గుర్తు వెతుక్కోండి.

గేమ్‌లు ఆడేవాళ్లకి మరో మెలిక. 4కె బొమ్మని సెకనుకు 120 ఫ్రేములతో తీసుకునే పోర్టులు చాలా టీవీల్లో రెండే ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఆ రెండింట్లో ఒకటి ఈ-ఆర్క్ పోర్టే. దాన్ని సౌండ్‌బార్‌కి ఇచ్చేస్తే ఇక మిగిలేది ఒక్కటి. ఇంట్లో రెండు గేమ్ బాక్సులుంటే తగువే. ఈ లెక్క కొనేముందే చూసుకోవాలి, కొన్నాక చేయగలిగింది తక్కువ.

అపోహ: అట్మాస్ కావాలంటే ఈ-ఆర్క్ ఉండి తీరాలి

వాస్తవం: సినిమా ఎక్కడినుంచి వస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క అపోహ వల్ల బాగా పనిచేస్తున్న రిసీవర్లని జనం అటకెక్కిస్తున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. అది సెకనుకు దాదాపు ఒక మెగాబిట్ మోయగల సన్నటి దారి. రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ సౌండ్), కుదించిన డాల్బీ డిజిటల్ 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్), డాల్బీ లాంటిదే అయిన డీటీఎస్ వెళ్తాయి. పరికరాలు రెండూ ఒప్పుకుంటే డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా వెళ్తుంది. స్ట్రీమింగ్ యాప్‌లు ఇచ్చే అట్మాస్ సాధారణంగా ఈ డాల్బీ డిజిటల్ ప్లస్ మీదే ఎక్కి వస్తుంది. కాబట్టి టీవీ యాప్‌లో చూసే అట్మాస్ సినిమా మామూలు ఆర్క్ మీదుగానూ చేరుతుంది. టీవీ, రిసీవర్ రెండూ ఆర్క్‌లో ఆ ఫార్మాట్‌ని ఒప్పుకోవాలి, అంతే.

ఈ-ఆర్క్ 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది. దాని సామర్థ్యం సెకనుకు 37 మెగాబిట్ల దాకా. బ్లూరే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో, కుదించని 5.1, 7.1 పీసీఎం ఇందులో పడతాయి, ఆర్క్‌లో పట్టవు. మీ డిస్క్ ప్లేయర్ టీవీకి తగిలించి ఉండి, అక్కడినుంచి సౌండ్ రిసీవర్‌కి పోవాలంటే ఈ-ఆర్క్ అవసరమే. అదే ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి తగిలిస్తే ఈ-ఆర్క్ ఊసే అక్కర్లేదు. డిస్కులు చూడరు, గేమ్‌లు ఆడరు, అంతా యాప్‌లే అనేవాళ్లు ఈ-ఆర్క్ కోసం రిసీవర్ మార్చాల్సిన పని నాకైతే కనిపించదు.

గేమ్ బాక్స్‌ని టీవీకి తగిలించినవాళ్లు ఒకటి గమనించాలి. గేమ్ 5.1 పీసీఎం ఇస్తుంటే మామూలు ఆర్క్ దాకా వచ్చేసరికి అది రెండు ఛానళ్లకి కుంచించుకుపోతుంది. గేమ్ బాక్స్ సెట్టింగ్స్‌లో డాల్బీ డిజిటల్ బిట్‌స్ట్రీమ్ (సౌండ్‌ని కుదించిన రూపంలోనే పంపడం) ఎంచుకునే వీలుంటే అది పెట్టండి, వెనక స్పీకర్లు మళ్లీ మేలుకుంటాయి.

అపోహ: వైరు సరైన పోర్టులో పెడితే మిగతాది టీవీయే చూసుకుంటుంది

వాస్తవం: అలా చూసుకునే టీవీలూ ఉన్నాయి. లేనివే ఎక్కువ అనిపిస్తుంది, బహుశా నన్ను పిలిచేది వాటి యజమానులే కాబట్టి.

మొదట చూడాల్సింది సీఈసీ. పరికరాలు హెచ్‌డీఎంఐ వైరు మీదుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు ఇది. మామూలు ఆర్క్ మేలుకోవాలంటే చాలావరకు ఇది ఆన్‌లో ఉండాలి. చిక్కేమిటంటే మెనూలో ఆ పేరు కనబడకపోవచ్చు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. రిసీవర్ మెనూలోనూ దీన్ని విడిగా ఆన్ చేయాలి. ఆర్క్ కూడా అక్కడే వేరే వరుసలో ఉంటుంది, అది చాలా రిసీవర్లలో ఆఫ్‌లోనే వస్తుంది. ఈ-ఆర్క్‌కి మాత్రం సీఈసీ మీద ఆధారపడాల్సిన పని లేదు, దాని మాటామంతీకి సొంత దారి ఉంది.

తర్వాత డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్. ఇది పీసీఎం మీద ఉంటే ఆర్క్‌లో వచ్చేది స్టీరియోనే, మీ దగ్గర ఎన్ని స్పీకర్లున్నా సరే. ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ అని రకరకాల పేర్లతో ఉండే ఎంపికకి మార్చండి. మూడూ ఉంటే నేను ముందు పాస్‌త్రూ పెట్టి చూస్తాను, టీవీ వేలు పెట్టకుండా వచ్చినదాన్ని వచ్చినట్టు పంపుతుంది కాబట్టి. కానీ కొన్ని టీవీలు డీటీఎస్‌ని అసలు దాటనివ్వవు. డిస్క్‌లో ఉన్నది డీటీఎస్ ట్రాక్ అయితే ఏ ఎంపిక పెట్టినా మౌనమో స్టీరియోనో. అప్పుడు ప్లేయర్‌ని రిసీవర్‌కే తగిలించాలి.

బొమ్మకీ ఇలాంటిదే ఒక సెట్టింగ్ ఉంది. పోర్టు పూర్తి సామర్థ్యాన్ని తెరవడానికి ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ లాంటి పేర్లుంటాయి. ఒక్కో పోర్టుకి విడివిడిగా పెట్టాలి. ఇది ఆఫ్‌లో ఉంటే ప్లేయర్ హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని బాగా చూపే బొమ్మ) ఇవ్వనంటుంది, నింద టీవీ మీద పడుతుంది.

అపోహ: ఖరీదైన కేబుల్ వేస్తే బొమ్మ, సౌండ్ మెరుగవుతాయి

వాస్తవం: డిజిటల్ సిగ్నల్ చేరితే చేరుతుంది, చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, సౌండ్ తెగుతుంది, లేదా బొమ్మ ఉండుండి నల్లబడుతుంది. రంగులు కాస్త వెలిసినట్టు, మాటలు కాస్త మసకగా ఉండటం హెచ్‌డీఎంఐ కేబుల్ వల్ల జరిగే పని కాదు. బంగారు పూత తుప్పు పట్టకుండా ఉండటానికి పనికొస్తుంది, బొమ్మకి మెరుపేమీ తేదు.

కేబుల్ మీద '2.1 వెర్షన్' అని చూసి కొనకండి, వెర్షన్లు పరికరాలకే ఉంటాయి. కేబుళ్లకుండేది వేగం తరగతి. హై స్పీడ్ అంటే 10.2 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు), ప్రీమియం హై స్పీడ్ అంటే 18, అల్ట్రా హై స్పీడ్ అంటే 48. సెకనుకు 60 ఫ్రేముల 4కె హెచ్‌డీఆర్‌కి ప్రీమియం చాలు. 120 ఫ్రేములకి అల్ట్రా కావాలి, దాని ప్యాకెట్ మీద స్కాన్ చేసి సరిచూసుకునే ముద్ర ఉంటుంది. ఈ-ఆర్క్ కోసమే అల్ట్రా కొనక్కర్లేదు, ఈథర్‌నెట్ సదుపాయమున్న హై స్పీడ్ కేబుల్ సరిపోతుంది.

పొడవు మాత్రం నిజమైన సమస్య. 48 జీబీపీఎస్‌ని మామూలు రాగి కేబుల్ అయిదు మీటర్లు దాటించడం కష్టం. గోడలోంచి దూరం లాగాల్సి వస్తే ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ వాడతాం. దానికి దిశ ఉంటుంది. 'సోర్స్' అని రాసిన కొన రిసీవర్ వైపు, 'డిస్‌ప్లే' అని రాసిన కొన టీవీ వైపు. తిప్పి పెట్టి గోడ పూడ్చేశాక బొమ్మ రాకపోతే ఆ గోడ మళ్లీ పగలాల్సిందే. ఆ రకం కేబుళ్లలో కొన్ని ఆర్క్‌ని మోయవు కూడా, కొనేముందు అది రాసుందో లేదో చూడండి.

అపోహ: 4కె రాని పాత రిసీవర్ తుక్కు కిందే లెక్క

వాస్తవం: కాదు. పాత రిసీవర్‌కి చేతకానిది బొమ్మని దాటించడం. 4కె సినిమాలకి హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ కావాలి, అది లేని రిసీవర్ మధ్యలో ఉంటే తెర నల్లగా ఉంటుంది లేదా బొమ్మ 1080పీకి దిగిపోతుంది. సౌండ్‌ని విప్పి స్పీకర్లని ఆడించడంలో దానికి లోటేమీ లేదు. ఆంప్లిఫయర్‌కి వయసు మీద పడినంత మాత్రాన స్వరం పోదు.

అందుకని బొమ్మ దారినీ సౌండ్ దారినీ విడదీస్తాం. 4కె పెట్టెలన్నీ నేరుగా టీవీకి, టీవీనుంచి ఆర్క్ ద్వారా సౌండ్ రిసీవర్‌కి. కొన్ని 4కె బ్లూరే ప్లేయర్లకి రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌లుంటాయి. ఒకటి బొమ్మకి టీవీకిచ్చి, రెండోది సౌండ్‌కి పాత రిసీవర్‌కిస్తే ట్రూహెచ్‌డీ కూడా చెక్కుచెదరకుండా అందుతుంది. ఈ ఏర్పాటు నాకు బాగా ఇష్టం, అలాంటి ప్లేయర్లు అంతగా దొరకకపోవడమే చిక్కు.

డీవీడీల కాలం నాటి హోమ్ థియేటర్ సెట్లది ఇంకో కథ. వాటిలో కొన్నింటికి హెచ్‌డీఎంఐ బయటికి వెళ్లేదే ఉంటుంది, లోపలికి వచ్చేది ఉండదు, ఆర్క్ కూడా ఉండకపోవచ్చు. అప్పుడు వెనక ఆప్టికల్ సాకెట్ ఉందేమో చూడండి. తోషిబా 1983లో తెచ్చిన ఆ కనెక్షన్ ఇప్పటికీ డాల్బీ డిజిటల్ 5.1ని నిక్షేపంగా మోస్తుంది, డాల్బీ డిజిటల్ ప్లస్, ట్రూహెచ్‌డీ మాత్రం దాని తరం కాదు. అదీ లేక ఎరుపు, తెలుపు సాకెట్లే ఉంటే ఆప్టికల్‌ని అనలాగ్‌గా మార్చే చిన్న డబ్బా ఒకటి మధ్యలో పెట్టాలి. ఇక్కడ మాత్రం టీవీని పీసీఎం మీదే ఉంచండి. ఆ డబ్బాల్లో చాలావాటికి డాల్బీ అర్థం కాదు, బిట్‌స్ట్రీమ్ పంపితే గరగరలాడతాయి లేదా మూగబోతాయి.

అపోహ: పెదాలకీ మాటకీ పొంతన లేదంటే టీవీలో లోపం ఉన్నట్టే

వాస్తవం: టీవీ బొమ్మకి మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటుంది. సౌండ్ నేరుగా రిసీవర్‌కి వెళ్తుంటే ఆ మేరకు ముందు వినిపిస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు బీటీ.1359 ప్రకారం సౌండ్ దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనిషి పసిగడతాడు. వెనకబడితే మాత్రం 125 దాకా గుర్తించడు. మెరుపు తర్వాతే ఉరుము వినడం మనకి అలవాటు మరి.

సౌండ్ ముందొస్తుంటే మందు తేలిక. రిసీవర్‌లోని ఆడియో డిలే పెంచుకుంటూ పోండి, పెదాలు కలిసేదాకా. ఈ-ఆర్క్‌లో ఈ సర్దుబాటు తప్పనిసరి అంశం, సాధారణంగా దానంతటదే జరిగిపోతుంది. సౌండ్ వెనకబడుతుంటే ఏ డిలే సెట్టింగూ పనికిరాదు, రాని సౌండ్‌ని ముందుకి లాగలేం కదా. టీవీలో ఆ సర్దుబాటుని సున్నాకి తెచ్చి, ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి తగిలించి చూడండి. బ్లూటూత్‌తో కలిపి ఉంటే అది తీసేసి వైరు వేయండి. టీవీకి స్పీకర్లని బ్లూటూత్‌తో కలపడాన్ని నేను పాటలకి తప్ప ఒప్పుకోను.

అపోహ: 5.1 సెట్ అంటే ఎప్పుడూ అన్ని స్పీకర్లూ మోగాలి

వాస్తవం: స్టీరియోగా తయారైన కార్యక్రమానికి రెండే మోగుతాయి, వెనకవి ఊరుకోవడం సరైన పనే. అన్నీ మోగించాలనుకుంటే రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ లాంటి మోడ్ పెట్టుకోండి. అసలు ఏమొస్తోందో రిసీవర్ డిస్‌ప్లేలోనే రాసి ఉంటుంది, చెవికంటే ముందు దాన్ని చూడండి.

అపోహ: హెచ్‌డీఎంఐని కరెంటు ఉండగా పీకి పెట్టినా ఏమీ కాదు

వాస్తవం: ఆన్‌లో ఉండగా పెట్టేందుకు అనువుగానే దాన్ని రూపొందించారు, ఎక్కువసార్లు ఏమీ కాదు కూడా. అయినా నేను ప్లగ్గులు తీశాకే వైర్లు ముట్టుకుంటాను. వేర్వేరు పరికరాల ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే, కేబుల్ టీవీ కనెక్షన్ కూడా వాటికి తగిలి ఉంటే, ఆ చిన్న పిన్నుల మీదుగా పోయే విద్యుత్తు పోర్టుని కాల్చేయగలదు. పోర్టు పోతే చాలాసార్లు మెయిన్ బోర్డే మార్చాలి.

ప్లగ్గులు తీయడానికి ఇంకో కారణం ఉంది. నిన్నటిదాకా పనిచేసిన ఆర్క్ ఇవాళ మొరాయిస్తే, పరికరాల మధ్య పలకరింపు చెడిందన్నమాట. స్టాండ్‌బైలో పెడితే అది మరచిపోవు. అన్నింటినీ గోడ దగ్గరే ఆఫ్ చేసి, రెండు మూడు నిమిషాలాగి, ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివర ప్లేయర్ ఆన్ చేయండి. దాంతోనూ దారికి రాకపోతే రిసీవర్, టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చూడండి, ఆ తర్వాతే వైరు మార్చండి.