మెత్తని పగడాలన్నీ ఒకే ట్యాంకులో కలిసి ఉంటాయా? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఇళ్లకు వెళ్లి రీఫ్ ట్యాంకులు, అంటే ఉప్పునీళ్లలో పగడాలు పెంచే తొట్లు, చూసుకోవడం నా పని. ముందుగా ఒక మాట. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్ అది. అందుకే నేను లెదర్, మష్రూమ్, జోయాంతిడ్ (వాడుకలో జోయా) లాంటి మెత్తని రకాల జోలికే వెళ్తాను. "మెత్తనివే కదా, ఏం చేస్తాయి" అనుకుని జనం పొరపాటు పడేదీ వీటితోనే.

అపోహ: పగడాలు మొక్కల్లాంటివి, పక్కపక్కన పెట్టినా ఏం కాదు.

వాస్తవం: పగడం జంతువు. వీటిలో చాలావాటి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది, వెలుతురుతో అది తయారుచేసే తిండే వీటికి ముఖ్యం. పక్కది పెరిగి నీడ కమ్మితే ఆకలే. లేచి వేరేచోటికి పోలేవు కాబట్టి ఉన్నచోటు కోసం కొట్లాడతాయి.

అపోహ: ఒకదానికొకటి తగలకపోతే చాలు.

వాస్తవం: లెదర్ రకాలు టెర్పీన్లనే రసాయనాలను నీళ్లలోకి వదులుతాయి. తగలకుండానే మెత్తని పగడాలు గట్టి పగడాలను దెబ్బతీస్తాయని ఆస్ట్రేలియాలో సమ్మార్కో, కోల్ బృందం 1983లోనే చూపించింది. సముద్రంలోనైతే ఆ విషం అలలకు కొట్టుకుపోతుంది. మన ట్యాంకులో తిరిగేవి ఎప్పుడూ అవే నీళ్లు.

పోయిన వేసవిలో అన్నానగర్ నుంచి ఒక నెల్లూరు పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, నా జోయాలు వారం నుంచి విచ్చుకోవడం లేదు. నీళ్ల టెస్టులన్నీ బాగానే వస్తున్నాయి." వెళ్లి చూశాను. 200 లీటర్ల ట్యాంకు, 26 డిగ్రీలు, ఉప్పు కూడా సరిగ్గానే ఉంది. జోయాలు మాత్రం మొగ్గల్లా బిగుసుకుపోయాయి. వాటికి జానెడు దూరంలో, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ ఎదురుగా అరచేయంత టోడ్‌స్టూల్ లెదర్ (లెదర్‌లో ఒక రకం). దాని తల మీద మైనం పూసినట్టు మెరిసే పొర ముక్కలుగా ఊడి, నీటి వేగానికి నేరుగా జోయాల మీదకు వచ్చి పడుతోంది. లెదర్ అప్పుడప్పుడు పాము కుబుసం విడిచినట్టు ఇలా పొర వదులుతుంది, అది జబ్బు కాదు. ఆయన అది చచ్చిపోతోందని టెన్షన్ పడి రెండుసార్లు చేత్తో రుద్దారట. రుద్దితే దానికి ఇంకా చికాకు, విషం ఇంకా ఎక్కువ.

ఊడిన పొరను సైఫన్‌తో లాగేసి, లెదర్‌ను జోయాలు దాటాక ప్రవాహం చివర పెట్టాను. 40 లీటర్ల నీళ్లు మార్చి, సంప్‌లో (ట్యాంకు నీళ్లు శుభ్రమయ్యే పక్క తొట్టి) కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (శుద్ధి చేసే బొగ్గు) సంచి వేశాను. ఐదో రోజు ఫోటో పంపారు. సగానికి పైగా విచ్చుకున్నాయి.

అపోహ: కార్బన్ వేస్తే ఏవైనా కలపొచ్చు.

వాస్తవం: కార్బన్ నీళ్లలో కరిగిన విషాన్ని పీలుస్తుంది, అదీ కొన్నాళ్లే. నేను మూడు వారాలకోసారి మారుస్తాను. తగిలితే కుట్టే వాటిని అది ఆపలేదు. రోడాక్టిస్ మష్రూమ్ పక్కదానికి ఆనుకుంటే కాల్చేస్తుంది. గ్రీన్ స్టార్ పాలిప్ అనే మెత్తని పగడం అయితే తివాచీలా పాకి రాయినంతా కప్పేస్తుంది, దానికి ఇసుక మధ్యలో విడిగా ఒక రాయి ఇవ్వండి.

అపోహ: కొళత్తూర్‌లో (చెన్నైలో అక్వేరియం షాపులుండే చోటు) షాపులో ఒకే తొట్టిలో బాగానే ఉన్నాయిగా!

వాస్తవం: అక్కడ కొన్నాళ్లుండి అమ్ముడైపోతాయి. పెరిగి ఒకదాన్నొకటి తాకేది మీ ఇంట్లోనే.

అపోహ: జోయాలు ఎక్కువైతే రాయి మీద వేడినీళ్లు పోసి గీకేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. కొన్ని జోయాంతిడ్‌లలో పాలిటాక్సిన్ ఉంటుంది, చాలా ప్రమాదకరమైన విషం. ఆ రాళ్లను ఉడికించినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. కత్తిరించాల్సి వస్తే గ్లవ్స్, కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు పెట్టుకుని, ట్యాంకు బయట వేరే బకెట్లో ఉప్పునీళ్లలోనే చేయండి. చేతి మీద చిన్న గాయం ఉన్నా ఆ రోజుకు మానేయండి. ఆ తర్వాత ఆయాసం గానీ, జ్వరం గానీ, నోట్లో చేదు గానీ అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, జోయాంతిడ్ పగడాన్ని కోశామని డాక్టరుకు ముందే చెప్పండి.