ముప్పై ఏళ్ల నాటి మాత్ర, ఈనాటి మతిమరుపు

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు తన మేనత్త గురించి రాశారు. మేనత్తకు 73 ఏళ్లు. నలభై దాటిన కొత్తలో స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి వచ్చింది. మందులతో కుదుటపడి, ఇల్లు చక్కబెట్టుకుని, అన్న పిల్లల్ని కూడా పెంచారు. ఇప్పుడు రిస్పెరిడోన్ వేసుకుంటున్నారు. ఆ జబ్బుకు మందు మొదలుపెట్టినప్పుడు దాని వల్ల చేతులు వణకకుండా ట్రైహెక్సీఫెనిడిల్ అనే మరో మాత్ర ఇచ్చారు. ఇంట్లో దాన్ని వణుకు మాత్ర అంటారు. అది ఇప్పటికీ నడుస్తోంది. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఏడాదిన్నర క్రితం ఆక్సీబ్యూటినిన్ చేర్చారు. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నారు, అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. ఒక డాక్టరు డిమెన్షియా అని డోనెపెజిల్ రాశారు. మరొకరు మందుల వల్ల కూడా కావచ్చన్నారు. ఉత్తరం చివర ఆమె అడిగిన ప్రశ్న ఇది: "వణుకు మాత్ర ముప్పై ఏళ్లుగా వేసుకుంటోంది. అప్పుడు చేయని చెడు ఇప్పుడెలా చేస్తుంది?"

ఇంత మంచి ప్రశ్న నాకు ఈ మధ్యకాలంలో రాలేదు. డిమెన్షియా అంటే ఏమిటో, అందులో ఎన్ని రకాలో చాలామంది రాశారు కాబట్టి దాన్ని వదిలేసి నేరుగా నాడీకణాలు వాడే రసాయనమైన ఎసిటైల్‌కోలీన్ దగ్గరికి వెళ్తాను.

నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాలతో మాట్లాడుకుంటాయని 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఓటో లోవీ కప్ప గుండెల మీద ప్రయోగం చేసి చూపించాడు. ఒక గుండెకు వచ్చే వేగస్ నాడిని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కోలీన్. ఈ ప్రయోగాన్ని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. నాకు మరింత ఇష్టమైనవి అతడు ఆ తరువాతి అయిదేళ్లలో చేసినవి. అట్రోపిన్ ఇచ్చి చూశాడు. నాడి నుంచి రసాయనం మామూలుగానే విడుదలైంది, గుండె మాత్రం దానికి స్పందించలేదు. తరువాత కలబార్ చిక్కుడు గింజ నుంచి తీసిన ఫైసోస్టిగ్మిన్ ఇచ్చాడు. ఈసారి రసాయనం త్వరగా విరిగిపోకుండా నిలిచింది. మేనత్త మాత్రల డబ్బాలో ఇప్పుడు ఈ రెండు ప్రయోగాలూ పక్కపక్కనే ఉన్నాయి. ట్రైహెక్సీఫెనిడిల్, ఆక్సీబ్యూటినిన్ చేసేది అట్రోపిన్ చేసిన పని. డోనెపెజిల్ చేసేది ఫైసోస్టిగ్మిన్ చేసిన పని.

ఖమ్మం జిల్లాకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు వస్తాయి కనుక దీన్ని కాలువ లెక్కలో చెబుతాను. మెదడు అడుగున, ముందువైపు, కొన్ని నాడీకణాల గుంపులు ఉన్నాయి. వాటిలో పెద్దదాన్ని మైనెర్ట్ కేంద్రకం అంటారు. అక్కడి నుంచి ఎసిటైల్‌కోలీన్ కాలువలా మెదడు పైపొర అంతటికీ పారుతుంది. ప్రతి నాడీకణం ఒక మడి. మడిలోకి నీరు వెళ్లే తూమే గ్రాహకం. వణుకు మాత్ర ఆ తూముకు అడ్డంగా నిలబెట్టిన పలక. కాలువ నిండుగా పారుతున్నంత కాలం నీళ్లు పలక మీదుగా పొంగి మడిలో పడతాయి, పంటకు ఏ లోటూ రాదు. నలభై మూడేళ్ల వయసులో మేనత్త కాలువ నిండుగా ఉంది.

వయసు పెరిగే కొద్దీ కాలువ మట్టం తగ్గుతుంది. అల్జైమర్స్ అనే రకం డిమెన్షియా వస్తే చాలా ఎక్కువగా తగ్గుతుంది. ఆ జబ్బుతో చనిపోయినవారి మెదళ్లలో ఎసిటైల్‌కోలీన్‌ను తయారుచేసే ఎంజైము బాగా పడిపోయిందని 1976లో ఎడిన్‌బరోలో డేవిస్, మలోనీ చూపించారు. 1982లో వైట్‌హౌస్ బృందం మైనెర్ట్ కేంద్రకంలోని కణాలే పెద్ద ఎత్తున చనిపోతున్నాయని చూపింది. అంటే ఎగువ జలాశయమే పూడిపోతోంది. మట్టం పలక అంచు కన్నా కిందికి దిగిన రోజు మడిలోకి చుక్క నీరు పోదు. పలక ముప్పై ఏళ్ల నాటిదే, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

నిజానికి పలక కూడా పాత ఎత్తులో లేదు. వయసుతో మూత్రపిండాలు వడపోసే వేగం తగ్గుతుంది, కాలేయానికి రక్తప్రసారం తగ్గుతుంది, ఒంట్లో కొవ్వు శాతం పెరిగి నీటి శాతం తగ్గుతుంది. నలభై ఏళ్ల ఒంటికి రాసిన మోతాదు డెబ్బై ఏళ్ల ఒంట్లో ఎక్కువసేపు, ఎక్కువ గాఢతతో నిలుస్తుంది. మట్టం కిందికి, పలక పైకి: రెండూ కలిసి కదిలాయి. దాని మీద ఏడాదిన్నర క్రితం ఆక్సీబ్యూటినిన్ అనే ఇంకో పలక పేర్చారు.

ఇక డోనెపెజిల్. తూము ఎదుట కాలువకు ఒక మురుగు మార్గం ఉంటుంది. ఎసిటైల్‌కోలీన్‌ను విరిచేసే కోలినెస్టరేజ్ ఎంజైమే ఆ మురుగు. డోనెపెజిల్ దాన్ని పూడ్చి మట్టం పెంచుతుంది. కాబట్టి ఆమె ఒంట్లో ఒక మాత్ర నీటి మట్టాన్ని పెంచుతుంటే రెండు మాత్రలు పలకను పెంచుతున్నాయి. పైగా డోనెపెజిల్ మట్టాన్ని మెదడులోనే కాక మూత్రాశయంలోనూ పెంచుతుంది, మూత్రం ఇంకాస్త తొందరపెడుతుంది. అది చూసి ఆక్సీబ్యూటినిన్ మోతాదు పెంచారనుకోండి, ఆ పెంపు మళ్లీ మతిమరుపు మీద పడుతుంది. ఇలా ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బుగా భావించి మరో మందు రాసే వరసకు రోషన్, గుర్విట్జ్ 1990లలో ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అని పేరు పెట్టి వివరంగా రాశారు. తెలుగులో మందుల గొలుసు అనుకోవచ్చు.

మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన తూములు ఎక్కువగా ఎం1 రకం. లాలాజల గ్రంథులు, మూత్రాశయం, పేగుల పని ప్రధానంగా ఎం3 చూస్తుంది. ఆక్సీబ్యూటినిన్ చిన్న అణువు, కొవ్వులో కరుగుతుంది, మెదడు గడప దాటి లోపలికి పోతుంది. అదే పనికి వాడే ట్రోస్పియం విద్యుదావేశం ఉన్న అణువు, ఆ గడప దాదాపు దాటదు. డారిఫెనసిన్ ఎం3 వైపు మొగ్గుతుంది. మిరబెగ్రాన్ అసలు ఈ కాలువ జోలికే రాకుండా బీటా3 గ్రాహకం ద్వారా మూత్రాశయాన్ని సడలిస్తుంది. మూత్రం సమస్య నిజమైనదే, దానికి దారులు ఉన్నాయి. వాటిలో ఏది ఈమెకు సరిపడుతుందో డాక్టరు చెప్పాలి.

మందు ఒక్కటే జ్ఞాపకాన్ని ఇంతగా దెబ్బతీయగలదా? 1974లో డ్రాక్‌మన్, లీవిట్ ఆరోగ్యంగా ఉన్న యువకులకు అట్రోపిన్ లాగే తూముకు అడ్డుపడే స్కోపలమిన్ ఇచ్చారు. విన్నదాన్ని వెంటనే తిరిగి చెప్పగలిగారు, కొత్తదాన్ని మనసులో నిలుపుకోలేకపోయారు. వారి మార్కుల తీరు ఏ మందూ లేని వృద్ధుల మార్కుల తీరును పోలి ఉంది. స్కోపలమిన్ మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉంటుంది. ఉమ్మెత్త తిన్న మనిషి లేని దారాలను దుప్పటి మీద నుంచి ఏరుతూ ఉంటాడు, గాలిలో ఏదో పట్టుకుంటాడు, గదిలో లేని మనుషులతో మాట్లాడతాడు. వైద్య విద్యార్థులు ఈ లక్షణాలను ఇంగ్లీషు గేయంలా బట్టీ పడతారు. కానీ అది విషం మింగి అత్యవసర విభాగానికి వచ్చిన వాడి బొమ్మగానే మనసులో నిలిచిపోతుంది. అదే రసాయన చర్య పలచగా, ఏళ్ల తరబడి, మూడు నాలుగు చీటీల నుంచి చేరి ఒక వృద్ధురాలిని మసకబారుస్తుందని తరగతిలో గట్టిగా చెప్పాలి.

ఇంట్లో దీనికి పెట్టే పేర్లు నన్ను ఎక్కువగా బాధపెడతాయి. వయసు మీదపడింది, చాదస్తం, అంటారు. చనిపోయిన భర్త గుమ్మం దగ్గర నిలబడ్డాడని ఆమె అంటే, పిలుపు వచ్చిందనో గాలి సోకిందనో తాయెత్తు కడతారు. తాయెత్తు కట్టిన రాత్రి కూడా మాత్ర వేస్తూనే ఉంటారు. దిష్టి తీసే ముందు ఆమెను నోరు తెరవమనండి. నాలుక ఎండి అంగిలికి అంటుకుంటోందా, మాట ముద్దగా వస్తోందా, మజ్జిగ లేకుండా ముద్ద దిగడం లేదా, మలబద్ధకం ఎన్నాళ్లుగా ఉంది, పత్రికలో అక్షరాలు అలుక్కుపోతున్నాయా చూడండి. మెదడు లోపలి తూమును చూడలేం. నోటి తూమును చూడగలం, రెండూ ఒకే కాలువ మీదివి.

ఇలా తూముకు అడ్డుపడే మందుల భారాన్ని లెక్కగట్టే పట్టిక ఒకటి ఉంది. 2008లో బుస్తానీ బృందం తయారుచేసింది. ఒక్కో మందుకు 1 నుంచి 3 వరకు అంకె వేస్తారు, మొత్తం 3 గానీ అంతకు మించి గానీ వస్తే ఆలోచించాలి. రిస్పెరిడోన్‌కు 1, ట్రైహెక్సీఫెనిడిల్‌కు 3, ఆక్సీబ్యూటినిన్‌కు 3. మేనత్తకు 7. జలుబు చేసినప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే మరో 3. నిద్రకో నొప్పులకో అమిట్రిప్టిలిన్ ఉంటే ఇంకో 3. ఈ పట్టిక మోతాదును లెక్కలోకి తీసుకోదు, మొరటు కొలత. అయినా డబ్బాలో ఏముందో ఒక్కసారి కలిపి చూసేలా చేస్తుంది, ఆ పని సాధారణంగా ఎవరూ చేయరు. దీర్ఘకాలపు సంగతికొస్తే, అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన 3,434 మందిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్లకు మించినంత మోతాదులో ఈ జాతి మందులు వాడినవారికి డిమెన్షియా ముప్పు 54 శాతం ఎక్కువగా కనిపించింది. మందే కారణమని దానితో తేలిపోదు. డిమెన్షియా తొలి దశలోనే వచ్చే నిద్రలేమికీ దిగులుకూ ఆ మందులు రాసి ఉండవచ్చు.

రోగనిర్ధారణ ఎక్కడ తడబడుతుందంటే, ఈమెకు మొదటి మార్కు ఎవరూ వేయలేదు. జ్ఞాపక పరీక్షలో 30కి 19 వచ్చాయనుకోండి. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఏకాగ్రత, కొత్త విషయం నేర్చుకోవడం యవ్వనం నుంచే కొంత తగ్గి ఉంటాయి. చదువు తక్కువైతే మార్కులు ఇంకా తగ్గుతాయి. రిస్పెరిడోన్ కదలికను, ముఖ కవళికలను మందగింపజేస్తుంది. కాబట్టి 19 అనేది పడిపోయిన అంకెనా, ఎప్పుడూ ఉన్న అంకెనా? ఆమెను పెంపుడు తల్లిగా ఎరిగిన మేనకోడలే దీనికి జవాబు చెప్పగలదు: పోయిన సంక్రాంతికి అరిసెల పాకం తానే చూసుకుందా, పాల లెక్క తానే రాసిందా. వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి. శనివారం, శుక్రవారం దగ్గరే తప్పిపోయి, మర్నాడు ఉదయం తడుముకోకుండా చెబితే, ఆ ఎగుడుదిగుడు డెలీరియం (హెచ్చుతగ్గులుగా వచ్చే మతి గందరగోళం) వైపు, మందుల వైపు చూపుతుంది. అల్జైమర్స్ సాధారణంగా రోజుకో తీరుగా ఉండదు.

ఈ ఒక్క కాలువతోనే కథ అయిపోదు. షుగరుకు ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్ బి12ను తగ్గిస్తుంది, గ్యాసుకు వాడే పాంటోప్రజోల్ దానికి తోడవుతుంది. బీపీకి ఇచ్చే థయాజైడ్ సోడియంను 135 కిందికి దించవచ్చు. లిథియం వాడేవారికి థైరాయిడ్ మందగించవచ్చు. ఇవన్నీ రక్తపరీక్షలో తేలేవి, ముందుగా చేయించుకోవలసినవి. చీటీలో ఉండని మందు ఒకటి ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది తెలిసిందే. 2015లో సరఫరాకు అడ్డుకట్ట పడినప్పుడు నిజామాబాద్ ప్రాంతంలో ఎంతోమంది తడబాటుతో, మూర్ఛలతో ఆస్పత్రుల పాలయ్యారు. పెద్దవాళ్లను కల్లు సంగతి అడగడానికి మొహమాటపడకూడదు.

ఇక మేనకోడలు ఏం చేయాలి? ఖాళీ అట్టలతో సహా ఇంట్లోని మాత్రలన్నీ ఒక సంచిలో వేసి, ఏది ఎప్పుడు మొదలైందో, మతిమరుపు ఎప్పుడు మొదలైందో ఒకే కాగితం మీద తేదీల వరసలో రాసి మానసిక వైద్యుడికి చూపించాలి. ఆక్సీబ్యూటినిన్ మొదలైన కొన్ని నెలల్లోనే పాలు పొంగడం మొదలైతే, ముందుగా ఆ మాత్రనే ఆపడమో మార్చడమో చేయమని అడగవచ్చు. వణుకు మాత్ర సంగతి రెండోది. నివారణగా అందరికీ దీర్ఘకాలం ఇవ్వడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే చెప్పింది, చాలామందికి కొంతకాలం తరువాత దాని అవసరం ఉండదు. అయినా ఇంట్లో ఒక్కసారిగా ఆపేయకూడదు: వాంతులు, ఆందోళన, నిద్రలేమి వస్తాయి, వణుకు తిరగబెడుతుంది. వారాల తరబడి మెల్లగా దించాలి. రిస్పెరిడోన్‌ను ఇంటివాళ్లు ముట్టుకోకూడదు, ముప్పై ఏళ్ల కుదురు దాని మీద నిలబడి ఉంది.

మందు ఒంట్లోంచి రోజుల్లో పోతుంది, మనసు తేటపడడానికి వారాలు పట్టవచ్చు. అందుకే రెండు మూడు నెలల తరువాత అదే పరీక్ష, అదే భాషలో, వీలైతే అదే పూట మళ్లీ చేయించాలి. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షలను సిద్ధం చేయించింది. 19 కాస్తా 25 అయితే మందుల పాత్ర పెద్దదని అర్థం. 19 దగ్గరే ఉంటే డిమెన్షియా అనుమానం బలపడుతుంది. 23కి వచ్చి ఏడాది తరువాత మళ్లీ జారితే రెండూ ఉన్నాయి: పలక తీశాక పొంగిన నీళ్లు కొన్నాళ్లు పారాయి, జలాశయం మాత్రం పూడుతూనే ఉంది. మూడో ఫలితం వచ్చినా ఆ ఏడాది ఆమెది, డోనెపెజిల్ కూడా అప్పుడు ఎదురు పలక లేకుండా పనిచేస్తుంది. ఈ వారం పరీక్షకు వెళితే వచ్చిన మార్కుల కాగితాన్ని అడిగి తెచ్చుకుని మాత్రల సంచిలోనే పెట్టండి, ఆమెకు ఇంతకాలం లేని మొదటి అంకె అదే.